ఊపిరిలోని వారసత్వము



ఉబ్బసముతో రొప్పుచున్న పిల్లవానిని వైద్యుని కడకు తీసికొనిపోయినపుడు, ఆయన స్టెతస్కోపు చెవులకు తగిలించుకొని పిల్లికూతలు విన్న పిమ్మట తప్పక అడుగు ప్రశ్న యొకటి గలదు: "మీ ఇంట ఇంకెవరికైనను ఈ ఆయాసము ఉన్నదా?" ఆ ప్రశ్న వైద్యునకు సామాన్యమైనదే, కాని మన కుటుంబములలో అది పుట్టించు కలకలము సామాన్యమైనది కాదు. "మా వంశమున ఏడు తరములుగా ఎవ్వరికిని లేదు, ఇది కోడలి పుట్టింటినుండి వచ్చినదే" యని అత్తగారు అనుటయు, కోడలు కన్నీరు దిగమ్రింగి తన మేనమామకు శీతకాలమున వచ్చెడి దగ్గును జ్ఞప్తికి దెచ్చుకొనుటయు, పిల్లవాని ఆయాసము తగ్గిన పిదప సైతము ఆ మాట ఇంట మిగిలిపోవుటయు మనలో పలువురెఱిగిన సంగతియే. ఈ వ్యాధి వంశమునుండి వచ్చునా, వచ్చినచో ఎంతమట్టుకు వచ్చును, వచ్చినది మనుష్యుని జీవితమున ఎట్టి మలుపులు తిరుగును అను విషయమున గడచిన నూరేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు తెలిసికొన్నదానిని ఈ పూట కొంత విన్నవింపదలచితిని. అత్తగారి మాటలో సత్యము లేకపోలేదు. కాని అది ఆమె యనుకొన్న సత్యము కాదు.

ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోవు శ్వాసనాళముల లోపొర చిరకాలము వాచియుండి, ధూళికో, చలిగాలికో, జలుబునకో, పొగకో, ఏ కొద్దిపాటి ప్రేరణకైనను వాని చుట్టునున్న కండరములు బిగిసికొనగా, కఫము అడ్డుపడి, లోనికి పోయిన గాలి వెలుపలికి రాలేక కూతలు వేయుటయే ఉబ్బసము. బిగిసిన నాళములు తమంత తామో, మందు వలననో మరల సడలుట దీని ప్రత్యేక లక్షణము. చరకసంహిత శ్వాసరోగములను ఐదు విధములుగా విభజించి, వానిలో తమకశ్వాస యని వర్ణించినది దీనికి మిక్కిలి దగ్గరగా నున్నది. అయితే నేటి వైద్యులు ఉబ్బసమును ఒక్క వ్యాధిగా కాక, ఒకే తీరున బయల్పడు పెక్కు వ్యాధుల సముదాయముగా భావించుచున్నారు. పాలు మఱచిన యేటనే మొదలై యౌవనము నాటికి మాయమగునది యొకటి. నలువది యేండ్లు నిండువఱకు జాడయైన లేక, ఆపై పట్టుకొని విడువనిది వేఱొకటి. ఈ భేదములకును, మన జన్యువులలోని భేదములకును గల బంధమే ఈ ప్రసంగమునకు విషయము.

1860లో లండను వైద్యుడు హెన్రీ హైడ్ సాల్టర్ ఉబ్బసమును గూర్చి పెద్ద గ్రంథమొకటి వెలువరించెను. ఆయన స్వయముగ ఆ రోగముతో బాధపడినవాడు. తన రోగుల బంధువులలో అది తఱచుగ కానవచ్చుట ఆయన దృష్టిని తప్పించుకొనలేదు. 1916లో న్యూయార్కున కుక్, వాండర్ వీర్ అను నిరువురు వైద్యులు వందలకొలది రోగుల కుటుంబచరిత్రలను సేకరించి, ఉబ్బసమును, పుప్పొడివలన కలుగు తుమ్ములరోగమును వంశములలో నడచునని లెక్కలతో చూపిరి. పిమ్మట కవలలను గూర్చిన పరిశోధనలు వచ్చినవి. సమరూప కవలలలో ఒకరికి ఉబ్బసమున్నచో రెండవవారికిని ఉండు సంభావ్యత, తక్కిన కవలలలో కంటె ఎక్కువ. దానినిబట్టి జనులలో ఈ వ్యాధి విషయమున కనిపించు తేడాలలో ఆనువంశికమైన పాలు ఎంతయో గణించి, దేశమునుబట్టియు పద్ధతినిబట్టియు నూటికి 35 మొదలు 90 దాక చెప్పినవారున్నారు. కాని ఆ పరిశోధనలే వేఱొక సంగతినిగూడ చెప్పినవి: ఒకే జన్యుసంపదతో పుట్టిన ఇరువురిలో ఒకరు జీవితమంతయు ఇన్‌హేలరు జేబులో పెట్టుకొని తిరుగుచుండగా, రెండవవారు ఆయాసమన నేమో యెఱుగకుండుట అరుదు కాదు.

వంశబలమును కన్నులకు గట్టునట్లు చూపిన తావు దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రమునందలి ట్రిస్టన్ డ కున్యా అను చిన్న ద్వీపము. దానికి అతి సమీపమున మనుష్యులు కాపురముండు చోటు సెయింట్ హెలీనా. అదియు దాదాపు 2,400 కిలోమీటర్ల దూరమున నున్నది. నెపోలియనును సెయింట్ హెలీనాలో నిర్బంధించిన కాలమున, అతనిని విడిపింపదలచువారు ఈ దీవిని ఆశ్రయము చేసికొనకుండ బ్రిటిషువారు 1816లో ఇక్కడ చిన్న దండు నొకదానిని దింపిరి. మరుసటి యేట దండు వెడలిపోయినను, విలియం గ్లాస్ అను స్కాట్లండు కార్పొరలు భార్యాబిడ్డలతో అచ్చటనే నిలిచిపోయెను. ఆపై వచ్చి చేరిన నావికులు కొందఱు, 1827లో సెయింట్ హెలీనానుండి వారికి భార్యలగుటకై ఓడనెక్కి వచ్చిన స్త్రీలు కొందఱు, 1892లో ఓడ పగిలి ఒడ్డునబడిన ఇటలీ దేశీయులు ఇరువురు, ఇట్లు సుమారు పదునైదుగురు మూలస్త్రీపురుషులనుండి ఆ జనమంతయు విస్తరిల్లినది. నేటికిని ఆ ఊరి ఇంటిపేర్లు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

1961లో అగ్నిపర్వతము బ్రద్దలు కాగా ద్వీపవాసులందఱును ఇంగ్లండునకు తరలింపబడిరి. అచ్చటి వైద్యులు వారిని పరీక్షించి, ఇంత చిన్న జనమున ఉబ్బసము ఇంత విరివిగా నుండుటకు విస్తుపోయిరి. 1963లో అత్యధికులు తమ దీవికి మరలిపోయిరి. ముప్పది యేండ్లకు, అనగా 1993లో, టొరాంటో విశ్వవిద్యాలయ వైద్యుడు నోయే జామెల్ తన బృందముతో అచ్చటికి ప్రయాణమై పోయి, మూడువందల జనములో 282 మందిని పరీక్షింపగా, సగమునకు పైబడినవారిలో ఉబ్బసమో, దాని ఛాయయో కనిపించినది. వంశవృక్షములను తిరుగవేసి చూడగా, తొలి కాపురస్థులలో కొందఱికి ఆ వ్యాధి యుండెననియు, వేఱు సంబంధములు దొరకని ఆ దీవిలో దాయాదుల నడుమ జరిగిన వివాహములచే వారి సొత్తు ఊరందఱికిని పంచబడెననియు తేలినది. కర్మాగారము లేదు, మోటారుబండ్ల రద్దీ లేదు, సముద్రపుగాలి తప్ప వేఱు గాలి లేదు. అయినను ఊరిలో సగము మంది రొప్పుచునే యుండిరి. ఉబ్బసమనగా పట్టణపు పొగయే యని నిశ్చయించుకొన్నవారు ఈ దీవిని ఒకసారి తలచుకొనవలెను. ఆ రక్తపు నమూనాలలో జన్యువును వెదకుటకు కాలిఫోర్నియాలోని సీక్వానా అను వాణిజ్యసంస్థ ధనము పెట్టినది. ద్వీపవాసుల రక్తమునుండి పుట్టు విద్య ఎవరి సొత్తు, దానివలని లాభము ఎవరికి చెందవలెను అను వివాదము గూడ దానివెంటనే లేచినది. అట్టి వివాదము లేవకయుండినచో నాకు ఆశ్చర్యమయ్యెడిది.

ఆ కాలమున పరిశోధకులందఱి ఆశయు ఒక్కటే: ఉబ్బసమునకు మూలమైన ఆ ఒక్క జన్యువు ఎక్కడనో దాగియున్నది, దానిని పట్టినచో పని తీరినట్లే. 1989లో ఆక్స్‌ఫర్డునందు కుక్సన్, హాప్కిన్ మొదలగువారు అలర్జీ స్వభావమునకు మూలము 11వ క్రోమోసోముపై ఒక భాగమున నున్నట్లు ప్రకటించిరి. తరువాత వెదకినవారిలో కొందఱికది కనిపించినది, కొందఱికి కనిపింపలేదు. 2002లో 20వ క్రోమోసోముపై ఆడమ్-33 అను జన్యువు వార్తల కెక్కినది. హీమోఫిలియా వంటి వ్యాధిలో ఒక్క జన్యుదోషమే సర్వమును నిర్ణయించును. ఉబ్బసము ఆ తెగకు చెందినది కాదని క్రమక్రమముగ అర్థమైనది. ఊరిలో రామమందిరము చందాలతో లేచినపుడు అది ఏ ఒక్కరి కట్టడమును కాదు, అణా యిచ్చినవాడు మొదలు నూఱు రూపాయలిచ్చినవాని వఱకు అందఱిదియు. ఉబ్బసప్రవృత్తియు అట్లే నూటికి పైబడిన జన్యుస్థానముల చిల్లరతో కూడుచున్నది. ఆ స్థానములలో ప్రతిదియు మనుష్యులలో రెండు మూడు రూపములలో తిరుగుచుండును. కొంచెము ప్రమాదమును పెంచు రూపములు కొన్ని, తగ్గించునవి కొన్ని, తల్లివైపునుండియు తండ్రివైపునుండియు ప్రతివానికిని సంక్రమించుచునే యున్నవి. ఏ దోషమును ఎఱుగని పరిశుద్ధవంశమని యొకటి లేదు. ఏడు తరములుగా మా యింట ఎవ్వరికిని లేదన్న అత్తగారు సైతము తన మనుమనికి తన చందా తాను ఇచ్చియే యుండును.

2018లో వివిధ ఖండముల పరిశోధకులు ఏకమై 23,948 మంది రోగులను, 1,18,538 మంది రోగము లేనివారిని పోల్చి, వానిలో 18 స్థానములను దృఢముగ నిర్ధారించిరి. అంతకు పూర్వమే, 2010లో, గాబ్రియేల్ అను పరిశోధకుల సమాహారము చేసిన పరిశీలనలో విచిత్రమైన సంగతి యొకటి బయటపడియుండెను. రక్తమున ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అను అలర్జీ ప్రతిరక్షకము హెచ్చుటయే ఉబ్బసమునకు మూలకారణమని ఎన్నియో యేండ్లుగ చెప్పుకొనుచుండగా, ఆ పదార్థపు మోతాదును శాసించు జన్యువులు వేఱు, ఉబ్బసమునకు దారితీయు జన్యువులు చాలవఱకు వేఱు అని తేలినది. అలర్జీ రోగమును కొనసాగించునదే కాని, ప్రారంభించునది దానికంటె లోతుననున్నది. గాలి తగులు శ్వాసనాళపు లోపొర కణములు వైరసునో ధూళినో ఎదుర్కొని ఆపద యని కేక వేయు విధమున నున్నది. ఆ కేకకు వాహకములైన ఐ.ఎల్-33, టి.ఎస్.ఎల్.పి. అను ప్రోటీనుల జన్యువులు ఈ స్థానములలో ముందు వరుసను నిలిచినవి.

అన్నిటికంటె గట్టి సాక్ష్యము గలది 17వ క్రోమోసోముపైనున్న స్థానము. 2007లో మోఫట్, కుక్సన్ మొదలగువారు చిన్ననాటనే ఉబ్బసము పట్టిన 994 మందిని, అది లేని 1,243 మందిని తీసికొని, ఒక్కొక్కరి జన్యుసంపదలో 3,17,000 తావులను పరిశీలింపగా, తక్కిన తావుల నన్నిటిని మించి ఇది పైకి తేలినది. అచ్చట ఓఆర్‌ఎమ్‌డీఎల్-3, గాస్‌డెర్మిన్-బి మొదలైన జన్యువులు దగ్గరదగ్గరగా నున్నవి. ఐరోపా జనులలో ప్రమాదము పెంచు రూపము దాదాపు సగము క్రోమోసోములపై నున్నది. ఇంతమందికి ఉన్నదానిని దోషమనుట ఎట్లు? అది ఒంటరిగ చేయు కీడు స్వల్పమే. 2008లో ఫ్రెంచి కుటుంబములలో జరిపిన పరిశోధన ఈ రూపముయొక్క ప్రభావము నాలుగేండ్లలోపు మొదలైన ఉబ్బసమునందే కనిపించుననియు, పసితనమున ఇంట పొగాకు పొగ పీల్చిన బిడ్డలలో ఆ ప్రభావము మఱింత హెచ్చుననియు చూపినది. 2013లో ఇంకొక మెట్టు తెలిసినది: శైశవమున సామాన్యమైన జలుబు వైరసు, రైనోవైరసు, సోకి పిల్లికూతలు వచ్చిన బిడ్డలలోనే ఈ జన్యురూపము ఉబ్బసమునకు బలముగ దారితీయుచున్నది. ఇక 2016లో ఐరోపా గ్రామములందలి బిడ్డలను పుట్టినది మొదలుగ గమనించినవారు చెప్పినది నాకు ఈ విద్య మొత్తములో మిక్కిలి రమ్యముగ తోచిన భాగము. పొగ నడుమ ప్రమాదకరమైన ఆ జన్యురూపమే, పశువులకొట్టములో తిరుగాడు బిడ్డలకు పిల్లికూతలు తగ్గుటతో ముడిపడియున్నది. రూపము అదే, ఇల్లు మాఱగా దాని అర్థము మాఱినది. జన్యువు మంచిదా చెడ్డదా యని అడుగుట కంటె, ఎక్కడ, ఏ వయస్సున అని అడుగుట తగును.

దీనికి ప్రతిబింబముగ అమెరికానుండి వేఱొక నిదర్శనము గలదు. ఇండియానా రాష్ట్రమునందలి ఆమిష్ జనులును, దక్షిణ డకోటాలోని హటరైట్ జనులును ఐరోపా పర్వతప్రాంతములనుండి మతకారణములచే వలసపోయినవారు. జన్యుసంపదలో చాలవఱకు దగ్గరివారు. ఆహారవ్యవహారములలోను పోలిక గలవారు. అయినను 2016లో ప్రకటితమైన పరిశోధనలో ఆమిష్ బడిపిల్లలలో ఉబ్బసము నూటికి 5, హటరైట్ పిల్లలలో నూటికి 21. ఆమిష్‌లు గుఱ్ఱములతో దున్నుదురు, పాడి యింటి ప్రక్కనే యుండును, పిల్లలు నడక నేర్చిన నాటినుండి అందులోనే మెలగుదురు. హటరైట్‌ల సామూహిక క్షేత్రములు యంత్రములతో నడచును, అవి పిల్లలకు దూరము. రెండు జనముల ఇండ్లలోని ధూళిని తెచ్చి ఎలుకల ముక్కులలో వేయగా ఆమిష్‌ల ఇంటి ధూళి ఎలుకలను ఉబ్బసమునుండి కాపాడినది, రెండవది కాపాడలేదు. సూక్ష్మజీవులను గుర్తించు జన్యువులను తొలగించిన ఎలుకలలో ఆ రక్షణ నిలువలేదు. ట్రిస్టన్ డ కున్యా వంశమే బలీయమని చెప్పుచుండగా, ఈ రెండు జనములు వంశమొక్కటైనను ఇంటి ముంగిలి వేఱైన ఫలము వేఱగునని చెప్పుచున్నవి. ఇట్లని మన మధ్యతరగతి గృహస్థులు రేపే ఒక గేదెను కొని వరండాలో కట్టివేయవలెనని నా భావము కాదు. పుట్టిన కొలది నెలలలో, ఒక్కొక్కప్పుడు గర్భముననే, పనిచేయు కారణములవి.

వ్యాధి మొదలగుట యొకటి. మొదలైనది ఎట్లు నడచుననునది వేఱొకటి. డెన్మార్కు వైద్యులు తీవ్రమైన ఆయాసముతో మాటిమాటికి ఆసుపత్రిలో చేరవలసివచ్చిన చిన్నబిడ్డలను మాత్రమే ఏఱి పరిశీలింపగా, 2014లో సి.డి.హెచ్.ఆర్-3 అను జన్యువు దొరికినది. మరుసటి యేట దాని రహస్యమును బయల్పడినది: రైనోవైరసు-సి శ్వాసనాళపు కణములలోనికి ప్రవేశించుటకు ఈ జన్యువు తయారు చేయు ప్రోటీనే ద్వారము, ఒక రూపమున్నవారి కణములపై ఆ ద్వారములు ఎక్కువ. చర్మపు పైపొరను గట్టిగ నుంచు ఫిలాగ్రిన్ జన్యువు కథ ఇంకను వింత. 2006లో దాని లోపరూపములు ఎగ్జిమా అను దురదవ్యాధికిని, దానితో కూడిన ఉబ్బసమునకును కారణములని స్కాట్లండునందలి డండీ పరిశోధకులు చూపిరి. వానిలో ఏదో యొకటి ఐరోపావారిలో నూటికి తొమ్మిది పదిమందికి గలదు. బీటవాఱిన చర్మము గుండ ప్రవేశించిన ధూళికి శరీరము అలర్జీ నేర్చికొని, అటుపై దానిని ఊపిరిలో ప్రకటించుచున్నది. ఇట్టి జన్యుప్రభావములు బాల్యమున వచ్చు ఉబ్బసమునందు ప్రబలము. పెద్దవయస్సున వచ్చు ఉబ్బసమునందు వాని పాలు తగ్గి, వృత్తిలోని దుమ్ము, పొగాకు, స్థూలకాయము వంటి వాని పాలు హెచ్చుచున్నది.

బాల్యమున వచ్చిన ఉబ్బసము యౌవనమున తనంత తానే సద్దుమణగుట సర్వసాధారణము. మృగశిర కార్తె నాడు హైదరాబాదునకు వేలకొలది జనము చేరి, ఉబ్బసము పోవునను నమ్మకముతో, నోట మందు పెట్టిన కొఱ్ఱమీను పిల్లను ప్రాణముతో మ్రింగుట మనమెఱిగినదే. వారి శ్రద్ధను నేను పరిహసింపను. రాత్రులు దిండ్లకానుకొని కూర్చుండి తెల్లవాఱుటకై ఎదురుచూచినవానికి ఆశ యెంత విలువగలదో తెలియనిది కాదు. కాని హెచ్చుట, తగ్గుట, మాయమగుట తన స్వభావమైన వ్యాధిలో, తగ్గుటకు కొంచెము ముందు తీసికొన్నదానికెల్ల కీర్తి దక్కును. అదే న్యాయమున, కొంతకాలము వాడి తగ్గగానే మానివేసిన ఇన్‌హేలరునకు, వ్యాధి మరల తలయెత్తగా, "పంపు అలవాటైపోవును" అను అపకీర్తి దక్కుచున్నది.

ఈ జన్యుపట్టికలు చాలవఱకు ఐరోపా సంతతివారి రక్తమునుండి వ్రాయబడినవి. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అమెరికా పరిశోధకులతో కలసి 2009లో చూపినట్లు, మన దేశమున పెక్కు సమూహములు కొలదిమంది మూలపురుషులనుండి పుట్టి, తమలో తామే వివాహములాడుచు అనేక తరములు గడపినవి. మేనరికముల మన తెలుగునేలలో ఇది వినుటకు వింత కాదు. కాని ఇట్టి వివాహములు ముఖ్యముగ పెంచునవి ఒక్క జన్యువు లోపముచే వచ్చు అరుదైన వ్యాధులను. చందాలతో కూడిన ఉబ్బసమును మేనరికమునకు అంటగట్టుట తొందరపాటు. ఐరోపావారి కొలబద్దతో మన బిడ్డ ప్రమాదమును లెక్కించి రూపాయలు గుంజు జన్యుపరీక్షలు బజారున కనిపించినచో, వానిని నమ్మకుండుట మేలని నా సలహా.

మందుల విషయమునను జన్యుభేదము గలదు. సాల్‌బ్యుటమాల్ మందు తగులు బీటా-2 గ్రాహకములో 16వ స్థానమున కొందఱికి ఆర్జినిన్, కొందఱికి గ్లైసిన్ అను అమైనో ఆమ్లముండును. 2004లో అమెరికాలో జరిపిన పరీక్షలో, రెండువైపులనుండియు ఆర్జినిన్ రూపమే వచ్చినవారు ఆ మందును క్రమముగ రోజుకు నాలుగుసార్లు పీల్చినపుడు ఊపిరిబలము మెఱుగుపడకపోగా, దానిని మానినపుడే మెఱుగుగ నుండెను. ఆ వార్తకు వైద్యలోకమున పెద్ద అలజడి కలిగినది. కాని 2009లో, పీల్చు స్టెరాయిడుతో జతగా దీర్ఘకాలము పనిచేయు సాల్మెటరాల్‌ను ఇచ్చి చూడగా, రెండు రూపములవారి నడుమ ఊపిరిబలమున భేదము కనిపింపలేదు. అందుచే నేటి వైద్యుడు జన్యువును పరీక్షింపక, స్టెరాయిడు లేని ఉపశమనపు మందును ఒంటరిగ మాటిమాటికి పీల్చుటనే ఎవ్వరికైనను వారించుచున్నాడు.

జన్యువిద్య వైద్యమునకు ఎక్కువ ఉపకరించినది వేఱొక త్రోవను. ఐస్‌లాండునందు ఐ.ఎల్-33 జన్యువు పాడైన రూపము గలవారు కొలదిమంది కలరు. 2017లో వారిని పరిశీలించినవారికి, మనవారు ఇస్నోఫీలియా యనునపుడు హెచ్చునట్టి ఇసినోఫిల్ కణములు వారి రక్తమున తక్కువగాను, ఉబ్బసము తక్కువగాను కనిపించినది. ఒక ప్రోటీను కొఱవడిన మనుష్యుడు ఉబ్బసమునుండి కొంత రక్షణ పొందియున్నచో, దానిని మందుచే అణచుటకు ప్రయత్నింపవచ్చునని స్పష్టము. అట్టి తర్కమునకు బలమిచ్చునట్లుగ, ఇసినోఫిల్ కణములను పెంచు ఐ.ఎల్-5ను అడ్డు మెపోలిజుమాబ్‌నకు 2015లోను, టి.ఎస్.ఎల్.పి.ని అడ్డు టెజెపెలుమాబ్‌నకు 2021లోను అమెరికాలో అనుమతి లభించినది. ఇవి సూదిమందులు, తక్కిన చికిత్సకు లొంగని తీవ్రరోగులకు ఉద్దేశింపబడినవి, వాని వెల మన సామాన్య గృహస్థునకు నేటికిని అందునది కాదు. ఆయన బిడ్డకు వైద్యుడు వ్రాసియిచ్చునది క్రమము తప్పక పీల్చవలసిన స్టెరాయిడు ఇన్‌హేలరు. దానితోబాటు ఇంటిలో చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చువారెవ్వరని ఆయన అడుగును. ఆ ప్రశ్నకు మాత్రము అత్తగారు, కోడలు ఇరువురును తాతగారి వైపు చూడవలసియుండును.